పూతన వచ్చిన ఇల్లు – శిశురక్షణ ధర్మము



నేటి విషయము మన సభలలో తరచుగా వినబడునది కాదు. పసిబిడ్డలపై జరుగు లైంగిక అత్యాచారములను గూర్చియు, వాటి నుండి బిడ్డలను కాపాడుకొనుటకు తల్లిదండ్రులు చేయవలసిన పనిని గూర్చియు నేడు చెప్పుకొందము. "దేవుని సన్నిధిలో ఇటువంటి మాటలా?" అని కొందరికి తోచవచ్చును. బిడ్డ పుట్టిన నాటి నుండి బాలారిష్టములు తొలగవలెనని మనము మ్రొక్కులు మ్రొక్కునది ఈ సన్నిధిలోనే కదా! ఆ అరిష్టములలో ఒకదానిని పేరు పెట్టి పలుకుటకు ఇంతకన్న తగిన చోటు లేదు.

శ్రీమద్భాగవత దశమ స్కంధములోని పూతన కథ మనకందరికీ తెలిసినదే. అయినను అందులో మనము అంతగా గమనింపని రెండు మూడు విశేషములు కలవు. పూతన రాక్షసి రూపముతో గోకులమునకు రాలేదు. చక్కగా అలంకరించుకొని, చిరునవ్వుతో, బిడ్డకు పాలిచ్చు తల్లి వలె వచ్చినది. ఆ సమయమునకు నందుడు ఇంట లేడు. కంసునకు పన్ను చెల్లించుటకై మథురకు పోయి యున్నాడు. యశోద, రోహిణి ఇంటిలోనే యున్నారు. వారు బిడ్డపై ప్రేమ లేనివారా? కారు. ఆమె తేజస్సును, మర్యాదను చూచి భ్రమసి, అడ్డు చెప్పక చూచుచు నిలిచిపోయిరి. బిడ్డను ఒడిలోనికి తీసికొనునప్పుడు "నీవెవరవు తల్లీ?" అని అడిగినవారు లేరు.

వ్యాసమహర్షి ఈ కథలో యశోదను నిందింపలేదు. మనము కూడ ఏ తల్లినీ నిందింపరాదు. గ్రహింపవలసినది ఒక్కటే. బిడ్డకు కీడు చేయువాడు చాలమారులు మనకు మంచివానిగా కనబడువాడే. చీకటి సందులో పొంచియుండు అపరిచితుని గూర్చియే మనము బిడ్డలకు భయము చెప్పుచున్నాము. మన ఇంటికి వచ్చి, మన చాపపై కూర్చుండి, మన బిడ్డకు మిఠాయి పెట్టువానిని గూర్చి ఏమియు చెప్పుట లేదు.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. కేంద్రప్రభుత్వ స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007వ సంవత్సరములో ఒక పెద్ద అధ్యయనమును ప్రకటించినది. 13 రాష్ట్రములలో 12 వేలకు పైగా బాలబాలికలను విచారించి తయారుచేసిన నివేదిక అది. అందులో నూటికి 53 మంది ఏదో ఒక రూపమున లైంగిక వేధింపునకు గురియైనట్లు చెప్పిరి. ఈ బాధ ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధ చెప్పుకొన్నవారిలో మగపిల్లలు ఆడపిల్లల కంటె తక్కువగా లేరు. కొంచెము ఎక్కువగానే యున్నారు. కావున "మాకున్నది కొడుకే గదా, మాకేమి భయము?" అనుకొనుట పొరపాటు. బాధ పెట్టినవారిలో ఇంచుమించు సగము మంది ఆ బిడ్డకు తెలిసినవారు, నమ్మకమైన స్థానములో నున్నవారు. అన్నింటికంటె గుండెను కలచునది మరియొకటి కలదు. ఆ బిడ్డలలో అధికభాగము ఆ సంగతిని ఎవరికిని చెప్పుకొనలేదు.

బిడ్డ నోరు మూసికొని ఎందుకున్నది? చెప్పుటకు మాటలు తెలియవు. చెప్పినచో కొట్టుదురేమో, నమ్మరేమో అని భయము. "పెద్దలకు ఎదురు చెప్పరాదు" అని మనమే నేర్పితిమి. ఈ మూడింటికి విరుగుడు తల్లిదండ్రుల చేతిలోనే యున్నది. నేటి ప్రసంగమంతయు దానిని గూర్చియే.

మొదట మన ఊళ్ల సంగతి చూతము. ధర్మవరములో మగ్గము ఇంటిలోనే యుండును. నూలు తెచ్చువారు, రంగులు అద్దువారు, చీర కొనవచ్చు వ్యాపారులు, కూలికి నేయువారు తెల్లవారినది మొదలు వచ్చుచు పోవుచుందురు. అమ్మానాన్నలిద్దరును మగ్గము గుంటలో పనిలో నుండగా బిడ్డ పక్క గదిలో ఎవరితో నున్నదో తెలియదు. హిందూపురములో పట్టుగూళ్ల మార్కెట్టుకు, కర్మాగారములకు పోవు తల్లులు బిడ్డలను ఇరుగుపొరుగున విడిచిపోవుదురు. పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద 2019 నుండి కార్ల కర్మాగారము నడచుచున్నది. కొత్తవారు వచ్చి అద్దె ఇండ్లలో చేరినారు. మన పల్లెల నుండి బెంగళూరుకు కూలికి పోవు దంపతులు బిడ్డలను అవ్వాతాతల వద్దనో, హాస్టలులోనో ఉంచిపోవుచున్నారు. కంసునకు పన్ను కట్టుటకు పోయిన నందుని వలె వీరును తప్పనిసరియై పోవువారే. పొట్టకూటికై పోవుట తప్పు కాదు. అయితే పోవునప్పుడు బిడ్డకు ఏ రక్ష కట్టిపోవుచున్నాము?

1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని పెనుకొండకు మార్చిరి. కొండ ఎత్తును, గోడల బలమును నమ్మి వచ్చిరి. గోడ బయటివానిని ఆపగలదు. తలుపు తీసి మనమే లోనికి పిలుచుకొన్నవానిని ఆపలేదు. బిడ్డల విషయములో మనము గోడలపై పెట్టు శ్రద్ధలో సగమైనను బిడ్డతో మాటలాడుటపై పెట్టుట లేదు.

ఇపుడు మరల భాగవతమునకు వత్తము. పూతన కూలిన పిమ్మట గోపికలు బాలకృష్ణుని ఎత్తుకొని వచ్చి రక్ష కట్టిరి. ఎట్లు కట్టిరి? బిడ్డ పాదములు మొదలు శిరస్సు వరకు ఒక్కొక్క అవయవమును పేరు పేరున చెప్పి, భగవంతుని ఒక్కొక్క నామముతో దానికి రక్షణ కోరిరి. పాదములు, మోకాళ్లు, తొడలు, కటి, ఉదరము, హృదయము, కంఠము, భుజములు, ముఖము, శిరస్సు అని వరుసగా పలికిరి. దేహములో ఒక భాగము పలుకదగినది, ఒక భాగము పలుకరానిది అని వారు విడదీయలేదు. దేహమంతయు దేవుడిచ్చినదే, అంతయు కాపాడదగినదే.

ఇందులో మనకు మొదటి పాఠము కలదు. బిడ్డకు మూడు నాలుగేండ్ల వయస్సు నుండియే స్నానము చేయించునప్పుడు కన్ను, ముక్కు, చెవి పేర్లతో పాటు మర్మాంగముల పేర్లను కూడ సిగ్గులేకుండ, నవ్వులాట చేయకుండ చెప్పవలెను. ఇంటిలో వాడు మాట ఏదైనను సరే, పలికినచో పెద్దలకు అర్థము కావలెను. పేరు తెలియని చోట నొప్పి కలిగినచో బిడ్డ ఏమని చెప్పును? ఆ పేరు చెప్పినందుకే మూతిపై కొట్టినచో ఇంకెన్నడును చెప్పదు.

రెండవ పాఠము. "బట్టతో కప్పుకొను చోటులు నీవి. శుభ్రము చేయుటకు అమ్మ, నాన్న, అవ్వ. జబ్బు చేసినపుడు అమ్మానాన్నల ఎదుట డాక్టరు. వీరు తప్ప ఎవరును అక్కడ తాకరాదు. వారి దేహమును తాకుమని నిన్ను అడుగరాదు. ఫోనులో అటువంటి బొమ్మలు చూపరాదు, నీ బొమ్మ తీయరాదు" అని చెప్పవలెను. పండుగనాడు ఒకమారు చెప్పి వదలిన చాలదు. ఎక్కాలు వల్లె వేయించినట్లు నెలకొకమారైనను ఆటగా అడుగుచుండవలెను.

మూడవ పాఠము కొందరు పెద్దలకు కష్టముగా తోచును. మన సంప్రదాయములో పెద్దలకు నమస్కరించుట, వారి మాట వినుట గొప్ప గుణములు. వాటిని విడువనక్కరలేదు. కాని బిడ్డ "నేను ఆ మామ దగ్గరికి పోను" అని ముడుచుకొనినపుడు "మర్యాద లేదా? పో, పోయి ముద్దు పెట్టు" అని తోయరాదు. దూరము నుండి నమస్కారము చేసినను మర్యాదయే. రామాయణములో రావణుడు భిక్షువేషముతో వచ్చినాడు. అతిథిని గౌరవింపవలెనను సీతమ్మ ధర్మబుద్ధినే వాడు తన పనికి వాడుకొన్నాడు. బిడ్డలోని వినయమును కూడ దుష్టుడు అట్లే వాడుకొనును. కావున "పెద్దవారు చెప్పినను చెడ్డపని చేయనక్కరలేదు, అప్పుడు గట్టిగా అరిచి పరుగెత్తి రావచ్చును" అని వినయముతో పాటే నేర్పవలెను. ప్రహ్లాదుడు తండ్రికి ఎదురు చెప్పెను. అయినను మనము ఆ బాలుని అవిధేయుడని అనము, భక్తాగ్రేసరుడని కొలుతుము.

నాల్గవ పాఠము రహస్యములను గూర్చినది. బిడ్డను లోబరచుకొనువాడు ముందుగా మిఠాయి, బొమ్మ, డబ్బు, ఫోను ఇచ్చి మచ్చిక చేసికొనును. పిమ్మట "ఇది మన ఇద్దరి రహస్యము, అమ్మకు చెప్పకు" అనును. చెప్పినచో అమ్మ చనిపోవునని బెదిరించుటయు కలదు. కనుక "మన ఇంటిలో అమ్మానాన్నలకు చెప్పరాని రహస్యము ఉండదు; ఎవరైన చెప్పవద్దన్నచో అదే ముందు చెప్పవలెను" అను నియమము పెట్టవలెను. ఒకవేళ ఆ బాధ పెట్టువాడు ఇంటివాడే ఐనచో? అందుకే అమ్మానాన్నలు గాక మరి ఇద్దరి పేర్లు, అవ్వయో, పిన్నమ్మయో, టీచరో, బిడ్డకు ముందుగా చెప్పి ఉంచవలెను.

నోట చెప్పలేని బిడ్డ నడతతో చెప్పును. నవ్వుచు తిరుగు బిడ్డ ఒక్కమారుగా మూగవోవుట, ఒక మనిషిని చూచినచో దాగుట, బడికి పోనని ఏడ్చుట, నిద్రలో ఉలికిపడుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట, కూర్చుండుటకు, మూత్రమునకు పోవుటకు బాధపడుట, వయస్సుకు మించిన మాటలు, చేష్టలు. వీటిలో ఏ ఒక్కటి కనబడినను అదే కారణమని నిశ్చయింపరాదు. వేరు కారణములు ఉండవచ్చును. అయితే "దిష్టి తగిలినది" అని నిమ్మకాయ తిప్పి ఊరకుండరాదు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మెల్లగా అడుగవలెను.

హైదరాబాదు బంజారాహిల్స్ లో 2022 అక్టోబరులో బయటపడిన సంగతి పత్రికలలో మీరు చదివియే యుందురు. ఎల్.కె.జి. చదువు నాలుగేండ్ల పసిపాప. నేరము చేసినవాడు ఆ పాఠశాలలో మెలగుచుండిన ఒక కారు డ్రైవరు. పేరున్న పాఠశాల, చదువుకొన్న తల్లిదండ్రులు. అయినను ఆపద వచ్చినది. దానిని బయటపెట్టినది ఏ నిఘా యంత్రమో కాదు. తల్లి కన్ను. పాప నడతలో మార్పును గమనించి, అడిగి, పాప చెప్పిన మాటను నమ్మి, ఆ కుటుంబము పోలీసుల వద్దకు పోయినది. 2023 ఏప్రిల్ లో, అనగా ఆరు నెలల కాలములోనే, న్యాయస్థానము ఆ డ్రైవరునకు 20 సంవత్సరముల జైలుశిక్ష విధించినది. నాలుగేండ్ల బిడ్డ మాటను న్యాయస్థానము వరకు తీసికొని పోవచ్చునని ఈ ఉదంతము మనకు తెలుపుచున్నది. ఆ మాటను మొదట నమ్మినది ఇల్లు.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన ఘడియ. బిడ్డ వచ్చి చెప్పినది. ఆ క్షణమున మీరేమి చేయుదురు?

సముద్రతీరమున విభీషణుడు శరణు కోరి వచ్చినపుడు సుగ్రీవాదులు అనుమానించిరి. శత్రువు తమ్ముడు, వేగులవాడేమో, బంధింపుమనిరి. శ్రీరామచంద్రుడు అందరి మాటలు వినెను. కాని ముందుగా అభయమిచ్చెను. బాధ చెప్పుకొనవచ్చిన బిడ్డ కూడ శరణాగతియే. ముందు అభయము, పిమ్మటనే విచారణ. "అక్కడికి ఎందుకు పోయినావు? ముందే ఎందుకు చెప్పలేదు? అబద్ధమాడుచున్నావా?" అను ప్రశ్నలు ఆ లేతగుండెపై రెండవ గాయములగును. మీలో కోపము, దుఃఖము పొంగవచ్చును. బిడ్డ ఎదుట కేకలు వేసినచో తనపైననే కోపమని బిడ్డ తలచును. గొంతు తగ్గించి ఇంత మాత్రము చెప్పిన చాలును: "చెప్పి మంచి పని చేసినావు నాయనా. నేను నమ్ముతాను. తప్పు నీది కాదు. ఇంక నేను చూసుకుంటాను."

ఆ పిమ్మట పదిమంది బంధువుల ఎదుట బిడ్డచేత మరల మరల చెప్పింపరాదు. బిడ్డ చెప్పిన మాటలను చెప్పినట్లే ఒక కాగితముపై వ్రాసి ఉంచవలెను. దాడి ఇటీవలిదైనచో స్నానము చేయింపక, బట్టలు ఉతుకక, వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. బట్టలను కాగితపు సంచిలో పెట్టవలెను. ఫోనులో సందేశములు, బొమ్మలు వచ్చియున్నచో వాటిని తుడిచివేయరాదు. ప్రభుత్వ ఆసుపత్రియైనను, ప్రైవేటు ఆసుపత్రియైనను ఇటువంటి నేరములకు గురియైన బిడ్డకు ఉచితముగా చికిత్స చేయవలెనని చట్టము చెప్పుచున్నది. పగలైనను రాత్రియైనను 1098 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆపదలోనున్న బాలల కొరకు 1996లో ముంబయిలో మొదలై దేశమంతట వ్యాపించిన సహాయ సంఖ్య అది. అత్యవసరమున పోలీసులకు 112.

ఇచ్చటనే పెద్ద అడ్డంకి ఎదురగును. దాని పేరు పరువు. "ఆడపిల్ల, రేపు పెండ్లి కావలెను. బయటికి పొక్కరాదు. నాలుగు గోడల మధ్య సర్దుకొందము. వానిని పిలిచి నాలుగు తగిలించి, డబ్బు కట్టించి వదలుదము" అని పెద్దమనుషులు పంచాయతీ చేయుదురు. కౌరవసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు మహాయోధులు, మహాజ్ఞానులు తలలు వంచుకొని కూర్చుండిరి. ఆమె పక్షమున ధర్మము పలికినవారు విదురుడు, వికర్ణుడు. ఆ సభలోని పెద్దలు తమ కులగౌరవమును కాపాడుకొంటిమని అనుకొనిరేమో, కులమే నశించినది. పంచాయతీ చేసి వదలిన వాడు రేపు మరియొక బిడ్డ వద్దకు పోవును. అప్పుడు ఆ బిడ్డ పాపములో మనకును భాగముండును. పరువు పోవలసినది నేరము చేసినవానికి. బిడ్డ ఏమియు పోగొట్టుకొనలేదు. "చెడిపోయినది" అను మాట మన ఇండ్లలో వినబడరాదు.

చట్టము కూడ ఈ ధర్మమునే చెప్పుచున్నది. లైంగిక నేరముల నుండి బాలల రక్షణకై 2012లో వచ్చిన చట్టమును పోక్సో చట్టమందురు. అది ఆ సంవత్సరము నవంబరు 14 నుండి అమలులోనికి వచ్చినది. 18 సంవత్సరములు నిండని బాలురకును బాలికలకును సమానముగా వర్తించును. నేరము జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తియు పోలీసులకు తెలుపవలెను. తెలిసియు దాచినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చును. సద్భావముతో తెలిపినవారిపై ఏ కేసును ఉండదు. "పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలెనా?" అను భయము అక్కరలేదు. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనో, బిడ్డ కోరిన చోటనో, సాధ్యమైనంతవరకు మహిళా సబ్ ఇన్‌స్పెక్టరు యూనిఫాము లేకుండ వచ్చి, బిడ్డ నమ్మినవారి సమక్షమున వ్రాసికొనవలెను. రాత్రివేళ ఏ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. బాలికను లేడీ డాక్టరే పరీక్షింపవలెను. బిడ్డ పేరు, చిరునామా, ఫోటో పత్రికలలో ప్రకటింపరాదు. విచారణ సాధ్యమైనంతవరకు ఒక సంవత్సరములో ముగియవలెను.

ఈ చట్టములో మరియొక మాట కలదు. దేవుని సన్నిధిలో దానిని దాచరాదు. రక్తబంధువులు చేసిన నేరమును, విద్యాసంస్థలలో, ధార్మిక సంస్థలలో పనిచేయువారు ఆ సంస్థలోని బిడ్డపై చేసిన నేరమును చట్టము మరింత తీవ్రమైన నేరముగా ఎంచి, హెచ్చు శిక్ష విధించుచున్నది. కావున బంధువని, గురువని, స్వామి అని, భజన నేర్పువాడని ఎవరికిని మినహాయింపు లేదు. భగవంతుడు స్తంభములో నుండి వెలువడి కాపాడినది పసిబాలుని. సింహాసనముపై నున్నవానిని కాదు. ఇచ్చట శ్లోకములు, కోలాటము నేర్చుకొనవచ్చు బిడ్డలను గూర్చి కూడ మీరు ప్రశ్నింపవచ్చును. తలుపు మూసిన గదిలో ఒక పెద్దవాడు ఒక బిడ్డతో ఒంటరిగా ఉండరాదను నియమము బడిలోను, ట్యూషనులోను, హాస్టలులోను, గుడిలోను ఒకే విధముగా ఉండవలెను. అట్లు అడిగినందుకు కోపించు సంస్థకు బిడ్డను పంపకుండుట మేలు.

గాయపడిన బిడ్డ కోలుకొనునా అని తల్లులు కన్నీళ్లతో అడుగుదురు. కోలుకొనును. తన మాటను నమ్మి, తోడు నిలిచి, దోషము తనది కాదని పదే పదే చెప్పు ఒక్క పెద్ద మనిషి ఉన్నచో బిడ్డకు కొండంత బలము. మానసిక వైద్యుని సలహా తీసికొనుట పిచ్చికి గుర్తు కాదు. విరిగిన చేతికి కట్టు కట్టించినట్లే. బడి, ఆట, స్నేహితులు ఎప్పటివలె సాగనీయవలెను. ఈ మాటలు వినుచున్నవారిలో బాల్యములో ఇటువంటి బాధను అనుభవించి, ఇన్నేండ్లుగా ఎవరికిని చెప్పుకొనని పెద్దలును ఉండవచ్చును. అమ్మా, అయ్యా! నాటి దోషము మీది కాదు. నమ్మకమైన ఒక్కరితోనైనను చెప్పుకొని ఆ బరువు దించుకొనుడు.

మన తల్లులు సాయంకాలము బిడ్డలకు దిష్టి తీయుదురు, నుదుట విభూతి పెట్టుదురు. ఆ ఆచారమును మానవలదు. దానితో పాటు ఈ రాత్రి దీపము పెట్టిన తరువాత, ఫోనులు ప్రక్కన పెట్టి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని ఇట్లడుగుడు: "ఈ దినము నీకు ఏది బాగుండినది? ఏది బాగలేదు? నీకు ఇష్టము లేనిది ఎవరైన చేసినారా?" మొదటి రోజు బిడ్డ ఏమియు చెప్పకపోవచ్చును. ప్రతిదినము అడుగు ఇంటిలో, చెప్పవలసిన దినము వచ్చినపుడు బిడ్డ చెప్పును. అడుగుటకు పది నిముషములు చాలును. మగ్గము ఆపి అడుగుడు, అంగడి మూసి అడుగుడు. బెంగళూరులో నున్నవారు ఫోనులోనైనను అడుగుడు.

పరమాత్మ మన బిడ్డలను చల్లగా చూచుగాక. వారిని కాపాడు మెలకువను మనకు ప్రసాదించుగాక.

స్వస్తి.